అక్క రాయి

మా కొండ మీది బోర్డుల్లో ఒక్క అక్షర దోషం కూడా కనిపించదంటే అది నా చలవే. పెళ్ళి శుభలేఖల్లో సైతం తప్పులు దిద్ది తిరిగి పంపే మనిషిని నేను. నడక దారి వేస్తున్నవాళ్ళు వచ్చి, స్మారక చిహ్నాల దగ్గర పెట్టే బోర్డులకు నాలుగేసి వాక్యాలు రాసిపెట్టమంటే కాదంటానా? రిటైరైన తెలుగు పంతులమ్మకు అంతకు మించిన పదవి ఏముంటుంది!

కొండకు ఒక పక్క సముద్రం, రెండో పక్క వరిచేలు. కింద జీడిమామిడి తోటలు, పైకి పోయేకొద్దీ నేరేడు, మోదుగ, వెదురు. కొన మీద బౌద్ధుల కాలం నాటి ఇటుక దిబ్బలున్నాయి. దారి పొడుగునా అక్కడక్కడ వీరగల్లులు, అంటే యుద్ధాల్లో పోయినవాళ్ళ పేరిట నిలబెట్టిన రాళ్ళు. ఇప్పుడు దారి బాగుచేసి బండల మీద పసుపు రంగు బాణాలు గీశారు. ఆదివారం వస్తే శ్రీకాకుళం నుంచి బూట్లేసుకుని ఎక్కేవాళ్ళు, ఎచ్చెర్ల యూనివర్సిటీ పిల్లలు, ఒకటే సందడి. నాకు మాత్రం ఇది కొత్త దారి కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కొండ అవతలి బడికి ఈ దారినే నడిచాను.

అప్పట్లో నాతో పాటు ఎక్కేది చేపలమ్మే ఆడవాళ్ళే. నెత్తి మీద ఎండు చేపల గంపతో పది మంది దాకా ఉండేవారు. ఇప్పుడు అందరూ ఆటోల్లో పోతున్నారు. ఒక్కామె మిగిలింది, నా ఈడుది. ఆటోలో పోవచ్చుగా అంటే, "కొండ మీదోళ్ళ గుమ్మాల కాడికి ఆటో ఎక్కుతాదేటి?" అని కసిరింది.

బోర్డులు పెట్టిన మర్నాడు, చూసుకుందామని బయల్దేరి సగం ఎక్కేసరికి ఆమె ఒక వీరగల్లు దగ్గర గంప దించుకుని నిలబడి ఉంది. పక్కనే నా బోర్డు.

"ఇది నువ్వే రాసినావంట. ఏటి రాసినావో సదువు పంతులమ్మా" అంది.

గొంతు సవరించుకుని చదివాను. యుద్ధంలో నేలకొరిగిన వీరుని స్మారక శిల. తలపాగా ధరించి, కత్తి ఎత్తిన భంగిమను గమనించగలరు.

ఆమె నా మొహంలోకి చూసింది. "వీరుడేటి? మా అక్కకి మీసాలెట్టీసినావేటి?"

నాకు నవ్వొచ్చింది. పాఠం చెప్పే గొంతుతోనే వీరగల్లు అంటే ఏమిటో వివరించబోయాను. ఆమె వినలేదు. గంప కింద వేసుకునే గుడ్డ చుట్టకుదురు తీసి తల మీద పెట్టుకుని, ఒక చెయ్యి పైకెత్తి, నడుం కాస్త వంచి, రాతి పక్కన నిలబడింది.

"ఇప్పుడు సూడు."

చూశాను. రాతి మీది బొమ్మకు తలకు పైనుండే భాగం విరిగిపోయింది. నేను తలపాగా అనుకున్నది తల చుట్టూ కాదు, తల మీద ఉంది. అచ్చం ఆమె పెట్టుకున్న గుడ్డ చుట్టే. కత్తి పట్టిన చెయ్యి అయితే పిడికిలి బిగిసి ఉండాలి. ఇక్కడ అరచెయ్యి విప్పుకుని ఉంది, పైనున్న దేన్నో ఆపుతున్నట్టు. అన్నేళ్ళుగా ఆ రాయి పక్కనుంచి పోతూ, ఒక్కసారి కూడా ఆ చెయ్యి చూడలేదు నేను.

"ఎవరామె?" అన్నాను, ఈసారి పాఠం గొంతు లేకుండా.

"మా అక్క. అందరికీ అక్కే. ఒక్కర్తీ వొచ్చినాదట. ఇక్కడ గంప దించినాదట. మళ్ళీ నెత్తికెత్తడానికి ఎవులూ రానేదట. సూసి సూసి ఇక్కడే పోనాదట. అందుకే మావు ఈ రాయి కాడ గంప దించితే, పక్కనోళ్ళు సెయ్యెయ్యకుండా ఎల్లరు." తన గంప వంక చూసి అంది: "నా తరవాత ఈ దారంట గంప తెచ్చేవోళ్ళు ఎవులూ నేరు. నువ్వు రాసినదే మరి నిజవైపోతాది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. పిల్లల నోట్సుల్లో తప్పులకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టినదాన్ని. ఇంత పెద్ద తప్పు, అదీ నా చేత్తో రాసింది, కొండ మీద నిలబెడితే ఊరుకుంటానా? మొహమాటపడలేదు, ఎవర్నీ అడగలేదు. దిగిపోయి, బోర్డులు రాసిన పెయింటర్‌ను లేపి, "నేను తప్పు రాశాను, చెరిపెయ్యి నాయనా" అన్నాను. దారి వేసినవాళ్ళు నసిగారు. ప్రారంభోత్సవం రేపే, పెద్దవాళ్ళు వస్తున్నారు, రుజువులేవీ అన్నారు. "వీరుడనడానికి మీ దగ్గరేం రుజువుంది? నా మాటేగా! ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. ఆ రోజే పెయింటర్ చేత కొత్త వాక్యాలు రాయించాను.

మర్నాడు ఉదయమే, ఎవరూ రాకముందు, ఆమె కోసం రాతి దగ్గర కాచుకున్నాను. వచ్చి గంప దించి, "సదువు" అంది.

చదివాను. ఈమె పేరు తెలియదు. చేపలమ్మే స్త్రీలు అక్క అంటారు. గంప నెత్తికెత్తే మనిషి కోసం ఎదురుచూస్తూ ఇక్కడ మరణించిందని చెబుతారు. ఈ దారిన వచ్చేవారు, ఇక్కడ గంప దించినవారికి ఒక చెయ్యి వేయండి.

ఆమె కొంగుతో రాతి మీద దుమ్ము తుడిచింది. చుట్టకుదురు తల మీద సర్దుకుని గంప దగ్గర వంగింది.

"బాగున్నాది. రాసినదానివి నువ్వే గదా, ముందు నువ్వు సెయ్యెయ్యి."

మాది గుళ్ళో పాడే కుటుంబం. మా అమ్మ ఆ గంపల వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. నేను అంత చెయ్యకపోయినా, పలకరించి పక్కకు తప్పుకునేదాన్ని. ఎన్నడూ గంప ముట్టుకోలేదు. ఆ రోజు వంగి రెండు చేతులూ వేశాను. అన్నేళ్ళు పలకరించుకుంటూ పోయిన గంప అంత బరువని అప్పుడే తెలిసింది నాకు.