వెనక్కి కట్టిన రీడింగులు

పలాసలో ఫిజిక్స్ చెప్పే రాజకుమారి మేడం ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్‌గా వస్తోందంటే కాలేజీలకి గుండె దడ. వేరేవాళ్లయితే జీడిపప్పు ఉప్మా తిని, అందరికీ ముప్పైకి ముప్పై వేసి, ఎంచక్కా బస్సెక్కుతారు. ఈవిడ ఉప్మా ముట్టదు. ఒకప్పుడు ఈవిడా తినేది, వేసేది.

లోలకం ప్రయోగంలో జవాబు 980 రావాలని అందరికీ తెలుసు. పిల్లలు ముందు ఆ అంకె వేసుకుని, దానికి సరిపడే రీడింగులు వెనక్కి కట్టేస్తారు. లోలకం ఊగనే ఊగదు. అలా కట్టిన సురేష్ అనే కుర్రాడికి ఈవిడే ముప్పై వేసింది.

సురేష్ ఆ తర్వాత ఓ రక్తపరీక్షల ల్యాబులో కుదిరాడు. మేడం భర్త ప్రకాష్‌ది వజ్రపుకొత్తూరు. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరికీ ఉండే కిడ్నీల భయంతో సురేష్ ల్యాబులోనే పరీక్ష చేయించుకున్నాడు. నార్మల్ అని వచ్చింది. మొగుడూ పెళ్లాం ఎంత సంబరపడ్డారో! ఏడాది తిరక్కుండానే కాళ్లు వాచాయి. విశాఖ తీసుకెళ్లేసరికి చెయ్యి దాటిపోయింది. పెదకర్మ నాడు సురేష్ వచ్చి ఆవిడ కాళ్ల మీద పడ్డాడు.

"ఆ వారం మిసను పన్సెయ్యలేదు మేడం. అందరికీ నార్మలని రాసీసినాను. ప్రాక్టికల్సులో రాసినట్టే."

ఆ ఆఖరి మాట ఆవిడని పట్టుకుని వదల్లేదు. మార్కులు వెయ్యబోతే చెవిలో వినిపిస్తుంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ప్రకాష్ కూర్చుని పేపర్లు చూస్తున్నాడనిపిస్తుంది. పాపం, భయమేస్తుంది ఆవిడకి.

ఈ ఏడు సోంపేటలో ఎవరి పేపరు చూసినా 980. తనూజ అనే పిల్లకి మాత్రం 1085 వచ్చింది. అక్కడి లెక్చరర్ పాపారావు గాభరాపడ్డాడు.

"తొమ్మిదొందల ఎనభై సేసీమ్మా, మార్కులు పోతాయి," అన్నాడు. పిల్ల అంకె కొట్టెయ్యబోయింది.

"ముట్టుకోకు!" మేడం అరుపుకి హాలంతా బిగుసుకుపోయింది. "నా ముందు ఊపు."

తనూజ గుండు వదులుతూనే "లాభం" అంది, తర్వాత "రెండు, మూడు..." కొబ్బరికాయలు లెక్కపెట్టే ఇంటి పిల్ల, మొదటిదాన్ని ఒకటి అనదు. ఇంకా ఊగని ఊపు లెక్కలో పడిపోతోందని మేడంకి అర్థమైంది. గుండు ఒకసారి పోయి వచ్చాకే లాభం అనమంది. ఈసారి 974 వచ్చింది. మేడం ముప్పై వేసింది.

"ఇంటరయ్యాక ఏటి సదువుతావమ్మా?"

"ల్యాబ్ టెక్నీసియన్ మేడం. మా నాన్నకి డయాలసిస్ సేత్తన్నారు."

రాజకుమారికి ఏడుపు ఆగలేదు. పిల్లలంతా చూస్తున్నా తుడుచుకోలేదు.

"అయితే ఇంకోపాలి ఊపు," అంది.