వదిన చేసినవి, వాళ్లు తీసేసినవి

మా వదిన పోయింది. అన్న ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పి, ఇంకో మాట రాక ఫోను పక్కవాళ్ల చేతికిచ్చేశాడు. జ్వరమని కర్నూలు ఆసుపత్రిలో చేరిన మనిషి వారం తిరక్కుండానే వెళ్లిపోయింది. నేనప్పుడు ఆఫీసులో ఉన్నాను. నా పక్క కుర్చీ ఆమెదే. ఏడవాల్సినంతా ఏడ్చాను, అది మీకు చెప్పుకోవడానికి కాదు ఇది. మర్నాడు మా కంపెనీ నెట్లో పెట్టిన నివాళి చూసి ఒళ్లు మండి రాస్తున్నాను.

అందులో వదిన ఫోటో, పక్కనే నెత్తురు కారుతున్న వేటకొడవలి బొమ్మ. కింద 'మా ఆటకు ఆయుధాలు చేసిన చేతులు' అని రాశారు. ఆ వేటకొడవలి వదిన చేయలేదు. చేయనని ముఖం మీదే చెప్పింది.

మాది కర్నూలులో చిన్న వీడియో గేముల కంపెనీ. ఆటలో మనుషులు వాడే వస్తువులన్నీ కంప్యూటర్లో తయారుచేయడం వదిన పని. ఆట బయటికి పోకముందే ఆడి ఆడి తప్పులు పట్టడం నా పని. ఆ ఉద్యోగం ఇప్పించింది ఆమే, పని నేర్పిందీ ఆమే. "బాగాలేదని ఊరికే అనగాకు మే. తప్పు యాడుందో చెప్పు" అనేది. అందుకే తప్పు ఎక్కడుందో చెప్తున్నాను, వినండి.

ఏళ్లతరబడి చేసిన ఆట అది. కరువొచ్చిన ఏడాది ఒకావిడ చెల్లెల్ని వెంటబెట్టుకుని, గొర్రెల మందను తోలుకుని, కోయిలకుంట్ల వైపు నుంచి శ్రీశైలం అడవి దాకా మేపుకు పోతుంది. అంతే కథ. ఆవిడ కోసం వదిన గొంగడి చేసింది, రాయి పెట్టి విసిరే వడిసెల చేసింది, నీళ్ల సొరకాయబుర్ర, జొన్నరొట్టెల మూట, ఆకు కోసే కొడవలి చేసింది. గొంగడి పోగులు ఎలా ఉంటాయో చూడాలని వాళ్ల అమ్మ దగ్గర్నుంచి నిజం గొంగడే తెచ్చి కుర్చీమీద వేసింది. ఏసీ గదంతా గొర్రె వాసన. ముక్కు మూసుకున్నవాళ్లతో "వాసన రాకపోతే అది గొంగడి యాడైతాది, దుప్పటైతాది" అంది. చెనిక్కాయలు నములుతూ పనిచేసేది, పొట్టు సొరుగులో దాచేది. ఆ సొరుగు తెరవడానికి నాకింకా చేతులు రావడం లేదు.

మా వైపు కొడవలిని చేతిలోంచి చేతికి ఇవ్వం. కింద పెడతాం, అవతలి మనిషి తీసుకుంటుంది. చేతికిస్తే ఇద్దరికీ పోట్లాట వస్తుందని పెద్దవాళ్ల భయం. వదిన ఆటలోనూ అలాగే పెట్టించింది. గొర్రెలావిడ కొడవలిని నేలమీద పెడితే, చెల్లెలు వంగి తీసుకుంటుంది. ఆటకు పెట్టుబడి పెట్టినవాళ్లు చూసి, చేతిలోంచి కొడవలి జారిపోతోంది, ఈ తప్పు దిద్దండి అన్నారు. అది తప్పు కాదని వదిన ఓపిగ్గా చెప్పింది. మా మేనేజరు నవ్వాడు.

"ఆడేవాళ్లకు ఇవన్నీ ఎక్కడ అర్థమవుతాయమ్మా. సీమ అంటే జనానికి ఏం గుర్తొస్తుంది? వేటకొడవలి, నాటుబాంబు. అవి పెడదాం."

వదిన లేచి నిలబడింది. "నా మేనమామను దాంతోనే నరికినారు సార్. అప్పుడు నేను చిన్నపిల్లను. కొడవలంటే ఆకు కోసేదని ఒకసారన్నా చూపిద్దామని చేసినా. మీరు చెప్పేది నేను చేయను."

చేయలేదు. ఇంకొకరితో చేయించుకున్నారు. తర్వాత వదిన చేసినవి ఒక్కొక్కటే పీకేశారు. గొంగడి తీసి తోలు కోటు తొడిగారు, మన ఎండలో. వడిసెల తీసి తుపాకీ ఇచ్చారు. ఆవిడ ఆకలికి ఆగి తినడం వల్ల ఆట నెమ్మదిస్తోందని రొట్టెల మూట తీసేశారు. కరువు కథకు ఆకలి అడ్డమొచ్చిందట, వినడానికైనా సిగ్గుండాలి. ఒక్కోటి పోయినప్పుడల్లా వదిన "పోనీలే మే, గొర్రెలుండాయి గదా" అనేది. చివరికి గొర్రెల్నీ తీసేశారు.

నివాళి చూడగానే మేనేజరుకు ఫోన్ చేశాను. "ఆ బొమ్మ తీసేయండి సార్."

"గౌరవంగానే పెట్టాం కదమ్మా."

"ఆమె చేసింది గొంగడి సార్."

"అది ఆటలో లేదు కదమ్మా" అని పెట్టేశాడు. తీసేసింది వీళ్లే, లేదంటున్నదీ వీళ్లే. ఇంత కోపం నాకు జన్మలో రాలేదు.

దినాల రోజు వదిన పుట్టింటికి వెళ్లాం. మాకంటే ముందే కంపెనీవాళ్లు ఫ్లెక్సీ పంపించి గేటుకు కట్టించేశారు. అదే బొమ్మ, మనిషంత ఎత్తు. వేటకొడవలి పిడి వదిన కుడి భుజం మీదికి వచ్చింది. చుట్టాలు చూసి, తలలు దించుకుని లోపలికి పోతున్నారు. వదినవాళ్ల అమ్మ, మా అత్త, బయటికొచ్చి చాలాసేపు దాన్నే చూసింది.

"పాపా, నా బిడ్డ పక్కన అదేంటికి పెట్టినారు?"

"వదిన అది చేయలేదత్తా. చేయనని కొట్లాడింది."

"నాకు తెలీదా మే. నా బిడ్డ అది చేస్తాదా."

అన్న తాళ్లు విప్పాడు. చించి పారేద్దాం అన్నాను నేను.

"దాని మొగం ఉండాది గదా దాంట్లో. యాడ పారేసేది" అంది అత్త.

లోపలికి పోయి కత్తెర తెచ్చుకుంది. ఫ్లెక్సీ వాకిట్లో పరిచి, దానిమీదే కూర్చుని, వదిన జడ పక్కనుంచి మెల్లగా కత్తిరించుకుంటూ వచ్చింది. భుజం దగ్గర ఆగింది. పిడి వేరు, భుజం వేరు చేయడానికి లేదు. అటూ ఇటూ కత్తెర పెట్టి చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, భుజంతో సహా కోసేసింది.

ఆ ఫోటోనే ఇప్పుడు వాళ్ల నడవలో గోడకుంది. వదిన నవ్వుతూనే ఉంది. కుడివైపు భుజం లేదు.