వెనక సీటు కింద లప్పం

మా పాప పాకడం నేర్చుకుంది తుప్పులో. విజయవాడ భవానీపురంలో మేం అద్దెకున్న ఇంటి ముందు చిన్న సిమెంటు వాకిలి ఉండేది. దాన్నంతా ఒక పాత అంబాసిడర్ ఆక్రమించింది. ఎంత కడిగినా పిల్ల మోకాళ్ళు ఎర్రగానే ఉండేవి. ఆ కారుని చల్లపల్లిలో ఎవరి గొడ్లచావిట్లోంచో మా ఆయన లారీ మీద వేయించుకొచ్చారు. ఇంజను బాగుందట. బాడీ పని ఇంటి దగ్గరే చేయించి, మిగిలింది తనే చేసుకుంటారట. ఆఫీసులో ఫైళ్ళు తిప్పే ఆ చేతులకి అంతకుముందు గోడకి మేకు కొట్టడం కూడా రాదు.

ఆటోనగర్ నుంచి ఒక టింకరింగ్ మేస్త్రి వచ్చేవాడు. పెద్దాయన. డోర్ల సొట్టలు తీస్తూ తీస్తూ, శుక్రవారం నమాజు వేళకి సుత్తి కింద పెట్టి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు కారు కింద దూరి, వేలితో తట్టి చూసి బయటికొచ్చాడు.

"కింద రేకంతా తుప్పు తినేసిందండీ. కోసేసి కొత్త రేకు వెల్డింగ్ కొట్టాలి. రెండు వారాలు పడద్ది."

"రెండు వారాలా! వచ్చే ఆదివారం పాప పుట్టువెంట్రుకలు. మోపిదేవికి ఇందులోనే వెళ్తున్నామని అందరికీ చెప్పేశా. లప్పం పెట్టెయ్."

"లప్పం అందానికండీ, బలానికి కాదు."

మేస్త్రి పెట్టనన్నాడు, మా ఆయన రావద్దన్నారు. గేటు దగ్గర మేస్త్రి నాతో మెల్లగా అన్నాడు. "అయస్కాంతం పెట్టి చూస్కోండమ్మా. రేకైతే పట్టుకుంటది, లప్పమైతే జారిపోద్ది."

రంగు వేసేముందు గుంటలు పూడ్చే ఆ ముద్దని మా ఆయనే కన్నాలన్నిటికీ మెత్తారు. వాటర్ పేపర్‌తో రుద్ది మెరూన్ రంగు కొట్టారు. అంతటితో ఆగినా బాగుండేది. వెనక పొడుగు సీటు పాతకాలంగా ఉందని పీకేసి, రెండు విడి సీట్లు తెచ్చి నేలకి బోల్టులతో బిగించారు. ఒకటి బెల్టుతో సహా పాపకి. పైన నల్లటి కార్పెట్ పరిచేశారు. ఇక చూసేవాళ్ళకి కన్నం లేదు.

"వాడింత కష్టపడుతుంటే ఆ మొహం ఏంటి అమ్మాయ్? మన వీధిలో ఎవరికుంది ఇలాంటి కారు?" అంది మా అత్తగారు.

"ఎవరికీ లేదత్తయ్యా. అందరూ అమ్మేసి కొత్తవి కొనుక్కున్నారు."

ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నాకు హాయిగానే గడిచాయి.

ఆయన ఆఫీసుకు వెళ్ళాక, పాడైపోయిన రేడియో స్పీకరు నుంచి అయస్కాంతం ఊడదీసి కారెక్కాను. డోరుకి పెడితే టక్కున అతుక్కుంది. డ్రైవరు సీటు కింద అతుక్కుంది. పాప సీటు కింద కార్పెట్ ఎత్తి పెట్టాను. జారింది. మళ్ళీ పెట్టాను. నాలుగు బోల్టుల చుట్టూ ఎక్కడా నిలవలేదు. నా పిల్లని బెల్టుతో కట్టబోయేది ఎండిన ముద్దకి.

ప్రయాణం ముందురోజు సాయంత్రం ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన నవ్వారు.

"నీ బీయస్సీ ఫిజిక్సు ఇన్నాళ్ళకి పనికొచ్చిందన్నమాట! బిగించింది నేను. నువ్వా నాకు చెప్పేది?"

ఆయన స్క్రూడ్రైవరే తీసుకుని బోల్టు పక్కన పెట్టి నొక్కాను. బలం కూడా పెట్టలేదు. పిడి దాకా దిగింది. బయటికి లాగితే కన్నంలోంచి మా వాకిలి సిమెంటు కనిపించింది.

"రేపు గుడికెళ్తుంటే ఇవాళ కారుకి కన్నం పెడతావా!" అని అత్తగారు అరిచింది.

ఆయన కన్నాన్ని చూడలేదు. నా చేతిలో స్క్రూడ్రైవర్ని చూశారు. "కావాలనే పొడిచావు."

"అవునండీ. కావాలనే."

తెల్లవారి పిల్లనెత్తుకుని ఆటోలో బస్టాండుకి వెళ్ళాను. వాళ్ళిద్దరూ కారులో వచ్చారు. మోపిదేవిలో నేను బస్సు దిగేసరికి గుడి ముందు మెరూన్ రంగు తళతళా మెరుస్తోంది. తలనీలాలు తీస్తున్నంతసేపూ పాప గుక్కపట్టి ఏడ్చింది, మేం ముగ్గురం మూడు వైపులు చూస్తూ నిలబడ్డాం.

"వచ్చాం కదా? ఏమైనా అయిందా?" అన్నారాయన. "ఇంక వేషాలు మాని ఎక్కు."

వెనక డోరు తీసి కార్పెట్ ఎత్తాను. నిన్నటి కన్నంలో కొత్త లప్పం. వాసన ఇంకా పోలేదు. వేలితో నొక్కితే గోటి గుర్తు పడింది. దాని మీద పాప సీటు, బెల్టు తెరిచి పెట్టి సిద్ధంగా ఉంది.

డోరు వేసి, విజయవాడ బస్సు ఎక్కడ ఆగుతుందో కొబ్బరికాయల ఆవిడని అడిగాను. పాప గుండు మీద గంధం ఆరకముందే బస్సెక్కాను.