చిల్లరలో కలిసిపోయిన బిళ్ల

మా ఆయన పోయిన రోజు మా ఇంట్లో చిల్లర లేదు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి గానీ, నా కథ మొదలయ్యేది అక్కడే. పాల ప్యాకెట్టు నుంచి పాన్ డబ్బా దాకా ఫోను చూపించి స్కాన్ కొట్టే కాలంలో రూపాయి బిళ్లలు ఎవరింట్లో ఉంటాయి? పాడె కట్టారు. పేలాలు తెచ్చారు, బంతిపూలు తెచ్చారు. దారి పొడుగునా పేలాలతో కలిపి చల్లడానికి పైసలు కావాలన్న సంగతి మాత్రం లేపబోయే ముందు గుర్తొచ్చింది. జేబులు తడుముకుంటే అందరి జేబుల్లోనూ ఫోన్లే. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ మాటలన్నీ చెవిన పడుతూనే ఉన్నాయి, తలకు మాత్రం ఎక్కలేదు.

మా అత్త లేచి లోపలికి పోయింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఒక స్టీలు డబ్బా ఉంది. "నా కొడుకు దాసుకున్న పైసలివి. వానెంటనే పోనియ్యుండ్రి" అని మా మరిది చేతిలో పెట్టింది. అది చూసి కూడా నేను నోరు తెరవలేదు. నా చూపంతా ఆయన కాళ్ల మీద ఉంది. బొటనవేళ్లు రెండూ కలిపి దారంతో కట్టారు. అంత గట్టిగా ఎందుకు కట్టారా అని అదే ఆలోచిస్తున్నాను.

ఆ డబ్బాలో ఉన్నవి పైసలు కావు. అవేంటో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

మా ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో ఫిట్టరు. రేకును నొక్కి పార్టులు తీసే అచ్చులు చేసేవాడు. కొన్నేళ్ల కిందట వాళ్ల షెడ్డులో కొత్త ప్రెస్సు బిగించడానికి ఒక విదేశీ ఇంజనీరు వచ్చాడు. పని అయిపోయి వెళ్తూ ఈయన చేతిలో ఒక లోహపు బిళ్ల పెట్టి వెళ్లాడు. దాన్ని జియోకాయిన్ అంటారట. దుకాణంలో చెల్లదు. దేశదేశాల్లో కొంతమంది రాళ్ల సందుల్లో, చెట్ల మొదళ్లలో, వంతెనల కింద చిన్న డబ్బాలు దాచి, అవెక్కడున్నాయో ఫోన్లో గుర్తు పెడతారు. మిగతావాళ్లు ఆ గుర్తులు పట్టుకుని వెతుకుతారు. ఈ బిళ్లను ఒక డబ్బాలో వేస్తే, దొరికినవాళ్లు తీసుకుపోయి ఇంకో డబ్బాలో వేయాలి. బిళ్ల మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరు వాళ్ల సైటులో కొడితే, అది ఎక్కడెక్కడ తిరిగిందో మ్యాపు మీద గీతలు గీతలుగా కనబడుతుంది. అదీ ఆట.

"పనీ పాటా లేనోళ్లు ఆడుకునేది" అన్నాను నేను మొదటిరోజే. ఆయన బిళ్లను ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఒకవైపు దిక్సూచి, దాని ముళ్ల మధ్య నీలం, పచ్చ రంగులు నింపి ఉన్నాయి. "గీ అంచు సూడు, ఏడన్న గీరుకుంటదా? అచ్చు చేసినోడు మంచి పనోడు" అని నా వేలు పట్టుకుని అంచు వెంట తిప్పించాడు. చేతిలో పెట్టుకుంటే మొదట చల్లగా ఉండి, కాసేపటికి మన ఒంటి వేడి పట్టుకునేది. అంత బరువు ఉంటుందని చూస్తే అనుకోం. అది నాకూ నచ్చింది. చెప్పలేదంతే.

ఆ పిచ్చి అక్కడితో ఆగలేదు. వెలిమెల వైపు కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఈ ఆట ఆడే కుర్రాళ్లు కొందరు పరిచయమయ్యారు. వాళ్ల దగ్గర మార్చుకున్నవీ, కొన్నవీ కలిపి ఇంట్లో స్టీలు డబ్బా నిండింది. ఏనుగు బొమ్మది, నడిమధ్యలో గిర్రున తిరిగేది, దీపం ఆర్పితే పచ్చగా మెరిసేది. కొందరైతే అసలు బిళ్లను బీరువాలో భద్రంగా పెట్టుకుని, దాని నంబరు వేసిన రేకుముక్కను డబ్బాల్లో తిప్పుతారట. డబ్బాలో వేసినవి తిరిగి రావు, కొట్టేసేవాళ్లు ఎక్కువ, అందుకని. మా ఆయనకు అది నచ్చేది కాదు. "బిళ్లను ఇంట్ల పండవెట్టి జిరాక్సును తిప్పుడేంది" అనేవాడు.

మరి నీ మొదటి బిళ్లను డబ్బాలో ఎందుకు వేయవయ్యా అంటే మాత్రం మాట దాటేసేవాడు. దాన్ని వదల్లేదు ఆయన. చొక్కా జేబులో పెట్టుకుని ప్రతి డబ్బా దగ్గరికీ తీసుకుపోయి, ఇక్కడి దాకా వచ్చింది అని సైటులో రాసి, మళ్లీ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి ఆ స్టీలు డబ్బాలోనే పెట్టేవాడు. అట్లా చేయడానికీ ఒప్పుకుంటారట. కాబట్టి ఆ బిళ్ల తిరిగిన గీతలంటే మా ఆయన తిరిగిన గీతలే. ఆదివారం వచ్చిందంటే స్కూటీ మీద నన్నూ ఎక్కించుకునేవాడు. నర్సాపూర్ అడవిలో ముళ్లకంపకు నా చీర చినిగింది. వెలిమెల గుట్టరాళ్లలో చెప్పు తెగింది. తిట్టుకుంటూ వెంట పోయాను. తోటి ఫిట్టరు ఒకాయనది కోస్తా వైపు. వాళ్ల అమ్మాయి పెళ్లికి పోయినప్పుడు సముద్రం ఒడ్డున తడి ఇసుకలో ఆ బిళ్లను నిలబెట్టి ఫొటో తీశాడు. నేను పక్కనే నిలబడ్డాను, నన్ను తీయలేదు.

"ఏముందందులో అంత?" అని ఆ రోజు గట్టిగానే అడిగాను.

"రూపాయి బిళ్లలు అన్నీ ఒక్కతీరే ఉంటయి. ఒకటి పోతె ఇంకోటి. దీని నంబరు ఇంకోదానికి లేదు. గిది పోతె గిదే పోయినట్టు" అన్నాడు ఇసుక తుడుస్తూ.

ప్రతి బిళ్లకూ సైటులో ఒక పేజీ ఉంటుంది. అందులో దాని గమ్యం రాయాలి. ఫలానా దేశం చూసి రావాలి, ఫలానా కొండ ఎక్కాలి, అట్లా. ఆయన ఆ చోటు ఖాళీగా వదిలేశాడు. "దానికి ఏడికి పోవాలనుంటదో నాకేం ఎరుక" అనేవాడు.

పొద్దున షిఫ్టు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనిషి కంపెనీ గేటు దగ్గర దిగలేదు. నిద్రపోయాడనుకున్నారట. అంతే, అంతకు మించి చెప్పడానికి నాకు ఓపిక లేదు.

పెద్దకర్మ అయ్యాక, చుట్టాలు సర్దుకుని వెళ్లాక, ఆ దిక్సూచి బిళ్లను ఒక్కసారి చేతిలో పెట్టుకుందామని బీరువా తెరిచాను. డబ్బా ఉంది, తేలికగా ఉంది. మూత తీస్తే అడుగున రెండు పేలాలు. అప్పుడు, అప్పుడు వెలిగింది నా బుర్రలో, అత్త డబ్బా పట్టుకుని రావడం. నా ఒళ్లు మండిపోయింది. వంటింట్లోకి పోయి ఆమె ముందు డబ్బా పెట్టాను.

"ఎవర్నడిగి ఇచ్చినవత్తమ్మా?"

"ఎవర్నడగాలె? నా కొడుకు పైసలే గద."

"గవి పైసలు గావు."

"మరేంది? గుండ్రంగ లేవా? పాత వెండి రూపాయలనుకున్న" అంది. తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించింది. "కంపెనీల దినామంత మిషిన్ల నడుమ నిలవడి సంపాయించుకున్నడు. వట్టి చేతులతోని పంపుడెట్ల అనిపించింది బిడ్డా" అంది.  డబ్బా తీసుకుని మా మరిది దగ్గరికి పోయాను.

మా మరిది పరేషాన్ అయిపోయాడు. "జెర బరువుగనే ఉండె వదినె, గని గప్పుడు సూసుకుంటనా? తొవ్వంత పిడికిట్ల పట్టుకునుడు, ఇసురుడు" అని తల పట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. మర్నాటి నుంచి నేనే రోడ్డు మీదికి పోయాను. లక్డారంలో మా ఇంటి నుంచి ఊరి చివర వైకుంఠధామం దాకా ఆయన పోయిన దారంతా కంకర లారీల దారి. మొగుడు పోయిన ఆడది వీధుల్లో తల వంచుకుని దుమ్ము గెలుకుతుంటే ఊరు ఊరుకుంటుందా? "పిల్లకు మతి చలించింది" అన్నారు. అననీ. ఏనుగు బొమ్మది చాయ్ హోటల్ ఆమె గల్లాలో దొరికింది. తిరిగే బిళ్ల లారీ టైరు కింద పడి నలిగి మోరీ కాలువలో ఉంది. ఇంకొకటి పాత సామాను కొట్టువాడు ఇచ్చాడు. దిక్సూచిది మాత్రం లేదు. నాకు కావాల్సింది అదొక్కటే. మిగతావి దొరికినకొద్దీ ఏడుపొచ్చేది.

దొరికినవాటిని ఇంట్లోకి తేనివ్వలేదు అత్త. శవం మీద చల్లిన పైస మళ్లీ గడప దాటి రాకూడదట. స్కూటీ డిక్కీలో వేశాను.

ఒక మధ్యాహ్నం ఆయన ఫోను మోగింది. ఆ ఫోనును నేను రోజూ చార్జింగు పెడుతూనే ఉన్నాను, ఎందుకని అడగొద్దు. దిక్సూచి బిళ్ల పేజీలో ఎవరో హిందీలో రాశారు. "యే సిక్కా రాస్తే మే మిలా. కిస్కా హై?" ఈ బిళ్ల దారిలో దొరికింది, ఎవరిదని. వెంటనే మరిదితో జవాబు రాయించి, ఎక్కడుంటారని అడిగాను. బిళ్ల మీదున్న సైటు పేరు చూసి, నంబరు కొట్టి, ఓపికగా అడిగిన ఆ మనిషి ఒడిశా నుంచి వచ్చి కర్దనూర్‌లో కిరాయి రూములో ఉంటున్న కార్మికుడు. మరిదిని వెంటబెట్టుకుని వెళ్లాను. అతను బిళ్లను రుమాల్లో చుట్టి తెచ్చాడు. తోమి తళతళలాడించాడు.

"అర్థీ కా పైసా హై, మాలూమ్ థా భాభీ" అన్నాడు తల దించుకుని. పాడె మీంచి చల్లిందని తెలుసట. మరి ఎందుకు తీశావని అడిగాను. "భారీ థా. ఫేక్‌నే కా మన్ నహీ హువా" అన్నాడు. బరువుగా ఉంది, పారేయ మనసు రాలేదు. మా ఆయనా అంతే చెప్పేవాడేమో.

ఇంటికొచ్చేసరికి అత్త గేటు దగ్గర నిలబడి ఉంది. నా పిడికిలి చూసి దారికి అడ్డం వచ్చింది.

"గది లోపటికి తేకు."

"తెస్త. గిది నాది."

"తెస్తె వాడు పోలేడే. ఇంటి సుట్టే తిరుగుతడు."

"తిరగనియ్యత్తమ్మా. నాకు గదే కావాలె."

ఆమె గేటు ఊచ పట్టుకుంది. "నాకొద్దా?" అంది తర్వాత. "గని వానికి తక్లీబయితది బిడ్డా. లోపటికి రాలేక, పోలేక."

నేను గేటు బయటే కూలబడి ఏడ్చాను. ఆయన పోయిన రోజు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఆమె వచ్చి నా పక్కన కింద కూర్చుంది. "లోపటికి వద్దన్న గని, బయట సూడొద్దని లేదు. ఇయ్యి" అని చేయి చాపింది. బిళ్లను అరచేతిలో పెట్టుకుని తూచి చూసింది, అంచు వెంట బొటనవేలు తిప్పింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు అట్లా తిప్పమని. నేను ఫోన్లో మ్యాపు తెరిచి చూపించాను. ఇదిగో నర్సాపూర్, ఇది వెలిమెల, ఇదిగో సముద్రం దాకా పోయిన గీత. చూపు ఆనక ఫోనును ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ గీతల మీద గోరుతో మెల్లగా పోతూ "గింత తిరిగిండా నా కొడుకు" అంది. "నాకు సముద్రం సంగతి చెప్పనే లేదు."

ఇంట్లోకి రాకూడనిది, పారేయడానికి మనసు రానిది. దాన్నేం చేయాలో ఆట వాళ్లు ఎప్పుడో చెప్పే పెట్టారు, అదొక్కటి తప్ప అన్నీ చేశాడు మా ఆయన. మర్నాడు స్కూటీ వెనక అత్తను కూర్చోబెట్టుకుని వెలిమెల గుట్టరాళ్ల దగ్గరికి పోయాను. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నా, నా చెప్పు తెగిన ఆ రాళ్లు ఇంకా ఉన్నాయి. సందులో డబ్బా కూడా ఉంది. అత్త కొంగుతో బిళ్లను తుడిచి తనే డబ్బాలో వేసింది. వస్తుంటే "ఎనుకకు మర్రి సూడకు" అంది. నేను చూశాను. ఆమె కూడా చూసింది. పేజీలో గమ్యం దగ్గర ఏం రాయాలో నాకు తోచలేదు, ఖాళీగానే ఉంచాను.

కొన్నాళ్లు బాగానే గడిచింది. ఎవరో తీసి జహీరాబాద్ వైపు ఒక డబ్బాలో వేశారు. అక్కడ్నించి బీదర్ కోట దగ్గరికి పోయింది. రోజూ చాయ్ తాగేటప్పుడు అత్త అడిగేది. "ఇయ్యాల ఏడిదాక పోయిండే?" పోయిండు అనేది, పోయింది అని కాదు. నేను కూడా అట్లాగే చెప్పేదాన్ని. బీదర్‌లో ఉన్నడత్తమ్మా, కోట చూస్తుండు. ఆమె తలూపి చాయ్ ఊదుకునేది.

తర్వాత బీదర్ డబ్బా దగ్గరికి పోయిన ఒకతను, డబ్బాలో బిళ్ల లేదని పేజీలో రాశాడు. ఎవరు తీశారో రాయలేదు. వారాలు గడిచాయి. వెలిమెల కుర్రాడికి ఫోను చేస్తే, ఇవి అట్లా పోతుంటాయి ఆంటీ, మంచి బిళ్ల కదా, ఎవరో దాచుకుని ఉంటారు అన్నాడు. పేజీలో ఒక బటన్ ఉంటుంది, దాన్ని నొక్కితే పోయినట్టు రాసుకుంటారు, నొక్కేయండి అన్నాడు. ఆ బటన్ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఒకసారి అట్లాంటి కాగితం మీద సంతకం పెట్టాను, ఆసుపత్రిలో. మళ్లీ నా చేతులతో చేయలేను.

చాయ్ గ్లాసు పట్టుకుని అత్త వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏడున్నడే?"

"తొవ్వల ఉన్నడత్తమ్మా" అన్నాను.