మూడో అంతస్తులో ఎర్ర వలయాలు

నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి... నేను కళ్లారా చూసిందే చెబుతున్నాను. ఒక్క ముక్క కూడా కలపను.

అల్మాస్‌గూడలో ఒక ఇంటి పైవాటా అద్దెకు తీసుకుని మేం ఆరుగురం వీడియో గేములు తయారుచేస్తాం. నేను చేసింది దొంగచాటుగా సాగే ఆట. అందులో మనం నడిపేది ఒక దొంగను, వాడి చేతిలో తుపాకీ ఉండదు. వాచ్‌మన్ కంట పడకుండా, చప్పుడు చేయకుండా మూడో అంతస్తు దాటాలి. అంతే. మా బాస్‌కి అది నచ్చలేదు.

"దాక్కునే ఆట ఎవడాడ్తడమ్మా? ఆ ఫ్లోర్ తీసెయ్. గన్నులు పెట్టు," అన్నాడు.

"రేపొద్దున మీరే ఒక్కసారి ఆడి చూడండి సార్. అప్పుడు తీసేయమంటే తీసేస్తాను," అన్నాను. ఎనిమిది నెలల పని మరి.

ఆ రాత్రి వానకి మీర్‌పేట్ రోడ్డు మునిగింది. ఇంటికి పోలేక, ఆటలకు శబ్దాలు పెట్టే మల్లేశ్ నాతోపాటే ఉండిపోయాడు. పరీక్షించేటప్పుడు మాకు మాత్రమే కనబడే ఏర్పాటు ఒకటుంది. ఆటలో వాచ్‌మన్‌ది కాక ఇంకెవరి అడుగు ఎక్కడ పడినా అక్కడ ఎర్రటి వలయం వెలుగుతుంది. వాచ్‌మన్‌కి ఏం వినబడిందో దాన్నిబట్టి మాకు తెలుస్తుంది.

ఒంటిగంట దాటింది. నా దొంగను స్తంభం చాటున కూర్చోబెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. వాచ్‌మన్ టార్చి ఊపుకుంటూ వస్తున్నాడు. టక్... టక్... బూట్ల చప్పుడు.

అప్పుడు... నా దొంగకు పది అడుగుల వెనక... ఒక వలయం.

"అక్కా, కీ నొక్కినవా?"

"లేదు మల్లేశ్."

ఇంకొకటి. ఇంకాస్త దగ్గరగా. కీబోర్డు వైరు పీకేశాను. అయినా ఇంకొకటి... స్పీకర్లో మెత్తగా... తడి నేల మీద ఒట్టి కాళ్లు.

మల్లేశ్ మొహం పాలిపోయింది. "గీ సౌండ్ నేను పెట్టలే అక్కా. మనదాంట్ల అన్నీ బూట్లే."

వలయాలు నా దొంగను దాటాయి. వాచ్‌మన్ ఆగాడు. టార్చి ఎత్తాడు. వెలుగులో ఎవరూ లేరు. అనుమానం వస్తే వెతకడం, కనబడితే పట్టుకోవడం... వాడికి నేను నేర్పినవి ఆ రెండే. కానీ వాడు... మెల్లగా టార్చి దించాడు. గోడకు ఆనుకుని... దారి ఇచ్చాడు.

వలయాలు వాడి ముందు నుంచే వెళ్లి చివరి తలుపు దగ్గర ఆగాయి. నా దొంగ చేరితేనే తెరుచుకునే తలుపది.

తెరుచుకుంది.

"డిలీట్ కొట్టు అక్కా! ఫ్లోర్ మొత్తం కొట్టు! జర నా మాటిను!"

భయం లేదని బొంకను. కానీ వచ్చింది ఎవరైతే నాకేం? నా ఆటను నా చేత్తోనే చెరిపేయాలా?

"కొట్టను," అన్నాను. వైరు మళ్లీ గుచ్చి, కుర్చీ ముందుకు లాక్కుని, మొదటి నుంచి ఆడాను. తెల్లారేదాకా ఆడాను. ఒక్క వలయమూ రాలేదు.

పొద్దున బాస్ ఆడాడు. నాలుగుసార్లు దొరికిపోయాడు. నుదురంతా చెమట. "ఉండమ్మా, ఇంకొక్కసారి ఆడ్త," అన్నాడు. ఫ్లోర్ ఉండిపోయింది.

ఆ తర్వాత ప్రోగ్రామంతా వరసవరసా గాలించాను. దారి ఇవ్వడం అనేది అందులో ఎక్కడా లేదు. ఏదో బగ్గే అంటారా? కావచ్చు. మరి ఆ కాళ్ల చప్పుడు? నాకు తెలియదు. మల్లేశ్ ఇప్పటికీ ఆ ఫ్లోర్ ఒంటరిగా తెరవడు.

నేను తెరుస్తాను. చీకటి పడ్డాకే తెరుస్తాను.