మా మాటలో కొట్టమంటే ఇల్లు

మా అక్క ఇరవై యేండ్లకు పైగా కాపురముంటున్న ఇల్లు సర్కారు కాగితాల్లో పశువుల కొట్టిగె. ఆ మాటను కాగితం మీద రాసినవాణ్ణి నేనే.

పోయిన వారం గాలికుంటు రోగానికి సూదులు వేసే అతను ఐసు డబ్బా భుజానికి తగిలించుకొని వచ్చి, చేతిలోని జాబితా చూసుకొంటూ మా వాకిట్లో నిలబడి, "తాతా, యీడ మూడు కొట్టిగెలుండాయని రాసిండారే, గొడ్లు యాడ?" అని అడిగినాడు. నేను నోరు తెరిచేలోగా అక్క చేతిలోని చాట కింద పెట్టి, "మేమేనప్పా, రా. ముసలి గొడ్లం, సూది మెల్లగా ఎయ్యి" అనింది. పాపం, నవ్వాలో వద్దో తెలియక అతను నీళ్ళడిగి తాగి వెళ్ళిపోయినాడు. అప్పటినుంచి నాకు మనసు కుదురుగా లేదు. బంగారు గనుల కూలీల లైన్లలో పుట్టి పెరిగిన నా యీడువాళ్ళు ఎవరైనా చదివితే వాళ్ళకన్నా తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

మీకు గుర్తుండే ఉంటుంది, లైన్లలో ప్రతి ఇంటి గుమ్మం పైనా కంపెనీవాళ్ళు నల్లరంగుతో రాసిన నంబరుండేది. వెదురు తడికెల గోడలు, రేకుల కప్పు, కాళ్ళు చాపితే ఎదుటి గోడకు తగిలేంత ఇల్లు, గని లోపల యాడో బండ పగిలి భూమి అదిరితే గూట్లో గిన్నెలన్నీ గలగలమనేవి. అయినా ఆ నంబరొకటి చెబితే చాలు, తపాలా మనిషి నుంచి పెండ్లి పిలుపులకు వచ్చే చుట్టం దాకా తడుముకోకుండా మన గుమ్మం ముందుకే వచ్చి నిలబడేవాళ్ళు. మా నాయన ఆంధ్రా పల్లె విడిచి వచ్చి గనిలోకి దిగినాడు, ఆయన వెనకే నేనూ దిగినాను. నేను బడిలో కూర్చున్నది తక్కువ. తెలుగు శెనక్కాయల పొట్లాల మీద నేర్చుకొన్నాను, తమిళం రాబర్ట్‌సన్‌పేట గోడల మీది సినిమా బొమ్మల కింద, కన్నడం గని నోటీసు బోర్డు దగ్గర. లైనులో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. దానివల్ల నాకు కాస్త పొగరు కూడా ఉండేది, ఇప్పుడు దాచుకోవడమెందుకు.

గనులు మూసేసినారు. షిఫ్టుకు లేపే సంగు కూయడం ఆగిపోయినాక కొన్నాళ్ళు మేమంతా పొద్దున్నే లేచి కూర్చొని, ఎందుకు లేచినామో తెలియక ఒకరి మొహాలొకరం చూసుకొనేవాళ్ళం. బావ అంతకు ముందే గని దుమ్ము రొమ్ములో చేరి పోయినాడు. అక్కా నేనూ, మాతోపాటు ఇంకో రెండు కుటుంబాలూ, కామసముద్రం దాటి ఒక ఆసామి తోటలో పనికి కుదిరినాము. మల్బరీ తోట, పట్టుపురుగులు. పురుగులకు పూటపూటకూ ఆకు కోసి వెయ్యాల, పనివాళ్ళు దగ్గరుంటేనే జరిగే పని. ఆసామి మంచివాడే. తోట చివర బండ పక్కన జాగా చూపించి, ఇండ్లు కట్టుకోండప్పా, పర్మిషను మాత్రం మీరే తెచ్చుకోండి, రేపు నా మీదికి రాకూడదు అన్నాడు.

అర్జీ రాయడానికి నేనుండగా ఇంకెవరు? మా పక్క కొట్టమంటే ఏమిటో మీకు చెప్పాల్నా. మట్టిగోడ లేపి, బోద గడ్డి కప్పుకొని మనుషులుండే ఇల్లు. గొడ్లుంటే గొడ్ల కొట్టమంటాము, ఉత్త కొట్టమంటే మనిషిదే. మా నాయన పల్లెలో తాను విడిచివచ్చిన ఇంటిని చచ్చేదాకా ఆ మాటతోనే తలుచుకొన్నాడు. నేను కన్నడ అక్షరాల్లో, ఒక్క కొట్టివేత లేకుండా, మేము ముగ్గురం మూడు కొట్టాలు కట్టుకోవడానికి అనుమతి ఇప్పించాలని రాసుకొనిపోయినాను. కచేరిలో గుమాస్తా చదివి నవ్వి, "ఇది ఏ ఊరి కన్నడమప్పా? కొట్టిగె అని రాయి" అన్నాడు. పెద్దమనిషి నా తప్పు దిద్దినాడు కదా అని సంతోషపడి, నా పెన్నుతోనే గీత కొట్టి కొట్టిగె అని రాసినాను. భూమి లోపలి మాటలన్నీ తెలిసినవాణ్ణి, భూమి మీది మాటలు తెలియనివాణ్ణి. కన్నడంలో ఆ మాటకు గొడ్లను కట్టేసే చోటని ఒకటే అర్థం.

వారంలో పర్మిషను వచ్చింది. సాగు భూమిలో మనిషికి ఇల్లు కావాలంటే ముందు ఆ భూమి సాగుది కాదని రాయించుకోవాలనీ, గొడ్ల కొట్టిగెకు ఆ బాధ లేదనీ మాకేం తెలుసు? ఇంత తొందరగా వచ్చిందే అని అక్క బెల్లం పాయసం చేసి అందరికీ పోసింది. ఇల్లు లేచినాక గుమ్మం పైన సున్నంతో చదరం తీర్చింది, లైనింట్లో మాదిరి నంబరు రాయించుకొనేందుకని.

ఆ చదరం ఇప్పటికీ ఖాళీగానే ఉంది. నంబరు కోసం పోయిన రోజే అసలు సంగతి తెలిసింది. కొట్టిగెలకు నంబరుండదన్నారు. నంబరు లేకుంటే కరెంటు లేదు. అక్క రేషను కార్డులో ఇంకా పాత లైనింటి నంబరే. ఆ ఇల్లు కూలి, రేకులు ఎవరో ఎత్తుకుపోయి, పునాది మీద ముళ్ళకంపలు మొలిచినాయి, కాగితంలో మాత్రం అక్క అక్కడే ఉంది. భూమిని మార్పించుకోండి అని కచేరీ, మారిస్తే తోట పోతుందని ఆసామి, ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి నా చెప్పులరిగిపోయినాయి. ఆ మధ్యలోనే ఆసామి పట్టుపురుగులకు గది కట్టించినాడు. కాగితంలో దాన్ని పురుగుల 'మనె' అని రాసినారు. మనె అంటే ఇల్లు! దానికి కరెంటు వచ్చింది, ఆ పురుగుల ఇంటినుంచి లాగిన తీగతోనే మా దీపం వెలుగుతోంది. అది విని అక్క, "రేయ్, మనం గూడా పురుగులమని రాసుంటే సరిపోయుండునే" అనింది. ఎప్పుడూ నన్ను తిట్టలేదు ఆమె. తిట్టినా బాగుండేది.

విసిగి ఒక కుటుంబం మాలూరు ఇటుక బట్టీలకు పోయింది. మేము యాడికి పోతాము ఈ వయసులో? ఎన్ని అర్జీలు రాసినానో. ఆఖరుదాంట్లో చట్టం ఊసే ఎత్తలేదు; అయ్యా, ఇక్కడుండేది మనుషులు, ఒక్కసారి వచ్చి చూసిపోండి అని రాసినాను. ఆర్నెల్ల కింద ఒక చిన్నవయసు ఆఫీసరు నిజంగానే వచ్చినాడు. అక్క ముగ్గేసింది, కాఫీ ఇచ్చింది, పొయ్యీ పరుపూ చూపించింది. కచేరీల బల్లల ముందు నిలబడి నిలబడి తలకిందుల అక్షరాలు చదవడం నాకు అలవాటే. ఇక్కడ మనుషులు వాసమున్నారు అని అతను రాస్తుంటే చూసి నా కండ్లలో నీళ్ళు తిరిగినాయి. అతను పోగానే అక్క ఆ చదరానికి మళ్ళీ సున్నం కొట్టింది.

ఆ కాలంలో ఇల్లు మనది కాదు, కంపెనీది. అయినా అడక్కుండానే మన పేర వాళ్ళొక నంబరు రాసిపెట్టినారు. ఇప్పుడు మన చేతులతో మట్టి తొక్కి లేపుకొన్న గోడ మీద ఒక్క అంకె రాయించుకోవడానికి మనిషినని రుజువు చేసుకోవాల. నిన్న తపాలాలో జవాబు వచ్చింది. అక్క గడపలో కూర్చొని, ఏం రాసినారురా, చదవరా అంటూనే ఉంది. కన్నడంలో ఉన్నదాన్ని మన భాషలో మీకైతే రాస్తున్నాను, ఆమెకింకా చదవలేదు:

"తమరి అర్జీ మేరకు స్థల తనిఖీ జరిపించడమైనది. సదరు తోటలోని పశువుల కొట్టిగెలలో మనుషులు నివసించుచున్నట్లు రుజువైనది. ఇది అనుమతి షరతులకు విరుద్ధము. కావున ముప్పై దినములలోగా మనుషులను ఖాళీ చేయించి, కొట్టిగెలను పశువులకు మాత్రమే ఉపయోగించవలెను."