గడ్డం ఎత్తు గోరింట

అన్నదమ్ముల పంపకాల్లో ఎడ్లజత దగ్గర మాటా మాటా పెరిగి, నెల్లిమర్ల దాపున ఒక ఇంటి పెరడు రెండు ముక్కలైంది. అది అరవై ఏడో సంవత్సరం. తమ్ముడు అప్పలసూరి తన భార్య దేముడమ్మను పిలిచి, "మా దాలయ్యన్న ముకం నాకు కనపడకూడదు. నిలువెత్తు కంచె ఎయ్యి" అన్నాడు. పౌరుషాలు మగవాళ్ళవి, కంచెలు వేసే చాకిరీ ఆడవాళ్ళది.

దేముడమ్మ ఆ ఇంటికి చిన్నపిల్లగా కాపరానికొచ్చింది. తల దువ్వి, పక్కలో పడుకోబెట్టుకుని పెంచింది తోటికోడలు, దాలయ్య భార్య కూర్మమ్మే; దేముడమ్మ ఆమెను 'అప్పా' అనేది. ఆ ముఖం చూడందే ఆమెకు తెల్లవారినట్టుండదు. అందుకే తాటాకు దడి కట్టలేదు. గోరింట కొమ్మలు పాతి, మధ్యమధ్య వావిలి, నందివర్ధనం నాటింది. కొబ్బరిలా మనిషిని వదిలి పైకి పోవు, తులసిలా కాళ్ళ దగ్గరే ఉండిపోవు. అవి గడ్డం దాకా ఎదిగాక, మగడు పొలానికి వెళ్ళగానే చిగుళ్ళు గిల్లి మేకకు వేసేది.

"ఇయ్యి ఎదగవేటే?" అనేవాడు అప్పలసూరి.

"ఈ నేల్లో ఇంతే ఎదుగుతాయి మావా" అనేది, ఎటో చూస్తూ.

మంచు పొద్దుల్లో నందివర్ధనాల తెలుపు మీద కూర్మమ్మ ముఖం ఒక్కటే తేలేది. మాట్లాడితే ఒట్టని దాలయ్య ఆమె నోరు కట్టేశాడు. వావిలాకు వాసనలో ఇద్దరూ నిద్రో మెలకువో తెలియనట్టు చూసుకుంటూ నిలబడేవారు. దేముడమ్మకు అదే పండగ.

మూడో ఏడు ఆషాఢంలో ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. వానలు పడితే గోరింట ఆగుతుందా? మగతలో ఒకటే కల: కంచె చూరు దాటి పోతోంది, అవతల అప్ప ముఖం ఆకుల్లో మునిగిపోతోంది. లేవబోయి, కాళ్ళు నిలవక ఏడ్చేది.

జ్వరం విడిచిన ఉదయం గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. కంచె గడ్డం ఎత్తునే ఉంది! అప్పే గిల్లి ఉంటుందనుకుంది. కానీ గిల్లిన చిగుళ్ళు ఇవతల, మేక ముందున్నాయి.

అరుగు మీద అప్పలసూరి చేతులు తువ్వాల్లో దాచుకుని కూర్చున్నాడు. దేముడమ్మ ఆ చేతులు పట్టి లాగింది. గోళ్ళు ఎర్రగా పండి ఉన్నాయి.

"ఏటి మావా, ఇంత బాగా పండినాయి? మంచి మొగుడొస్తాడేటి నీకు?"

అతను నవ్వలేదు. కంచె వైపే చూస్తూ అన్నాడు:

"నువ్వు గిల్లుతన్నావని నాకెప్పుడో తెలుసు. ఎదిగిపోతే మా అన్న కనపడడు గదే."